ప్రకటనలో కనిపించని కంప్యూటర్

2006లో అమెరికా టీవీల్లో ఆపిల్ సంస్థ ఓ ప్రకటనల వరుస మొదలుపెట్టింది. తెల్లటి తెర ముందు ఇద్దరు నిలబడతారు. జీన్సు వేసుకున్న కుర్రాడు తాను మ్యాక్‌నంటాడు. సూటు, కళ్లజోడుతో ఉన్న బొద్దు మనిషి తాను పీసీనంటాడు. పీసీకి జలుబు చేస్తుంది, వైరస్ పడుతుంది, ఊరికే ఆగిపోతుంది. మ్యాక్ నవ్వుతూ చూస్తుంటాడు. 2009 దాకా ఇలాంటివి 66 తీశారు.

తమాషా ఏమిటంటే, ఆ 2006 జనవరి నుంచే మ్యాక్‌లలోకి ఇంటెల్ ప్రాసెసర్లు వచ్చాయి. అంటే కొట్టుకుంటున్న ఆ ఇద్దరికీ లోపలి చిప్పు చాలావరకు ఒకే కంపెనీది. 2020 నవంబరులో ఆపిల్ తన సొంత ఎం1 చిప్పు తెచ్చుకుంది. మరుసటి ఏడాదే ఇంటెల్, మ్యాక్ వేషం వేసిన జస్టిన్ లాంగ్‌నే పిలిచి పీసీని పొగిడించింది. నటుడు అతనే, జీతమిచ్చే చేయి మారిందంతే.

అసలు తేడా ఇద్దరి బట్టల్లో లేదు. మ్యాక్‌లో పెట్టె, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే కంపెనీవి. విండోస్ మాత్రం ఎందరో తయారుచేసే పెట్టెల్లో నడుస్తుంది. అందుకే మ్యాక్ ప్రకటన ఓ మనిషి తీరును అమ్ముతుంది, విండోస్ లాప్‌టాప్ ప్రకటన ధరనూ అంకెలనూ అమ్ముతుంది. ఎన్నో విండోస్ బ్రాండ్ల ప్రకటనల చివర ఇంటెల్ గుర్తు కనిపించడానికీ కారణముంది. 1991లో మొదలైన ‘ఇంటెల్ ఇన్‌సైడ్’ పథకం కింద, తన గుర్తు వేసిన తయారీదారుల ప్రకటన ఖర్చులో ఇంటెల్ కొంత భరించేది.

ఇక ఆ అంకెల సంగతి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ5 అన్న పేరు 2009లో వచ్చింది. ఏ తరం ఐ5 అన్నది ఆ పక్కనున్న అంకెల్లో, ఎలాంటిదన్నది చివరి అక్షరంలో ఉంటాయి. యూ ఉంటే కరెంటు తక్కువ తాగేది, హెచ్ ఉంటే వేగం ఎక్కువది. 512 జీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 476గా కనిపిస్తే దుకాణం వాడు మోసం చేశాడనుకోనక్కర్లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. అదే డిస్కు మ్యాక్‌లో 512గానే కనిపిస్తుంది. బ్యాటరీ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు చెప్పిన 18 గంటలు సినిమా చూడటానికి. నెట్ చూడటానికైతే అదే కంపెనీ 15 గంటలే అంది. ఇలా చుక్క గుర్తు పెట్టి కింద రాసే షరతుల గురించి 2022 జూన్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. గొప్ప ఏ భాషలో చెప్పారో షరతూ ఆ భాషలోనే, అదే తరహా అక్షరాల్లోనే ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో తప్పించుకోకూడదన్నమాట.

ఇవన్నీ నేలమీది లెక్కలు. చెన్నైకి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన సముద్రం మధ్యలో ఉన్న అండమాన్ దీవుల్లో ఇవే ప్రకటనలు వేరేలా వినిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. ఆ 2011లోనే గూగుల్ క్రోమ్‌బుక్ మార్కెట్లోకి వచ్చింది. చాలా పనులు నెట్‌లోనే, దాచుకోవడం కూడా నెట్‌లోనే, కాబట్టి ధర తక్కువ. మాట బాగానే ఉంది. కానీ అప్పట్లో అండమాన్‌కు నెట్ ఉపగ్రహం మీదుగా, అదీ పొదుపుగా వచ్చేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కూ, మరో ఏడు దీవులకూ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,224 కోట్లు. క్రోమ్‌బుక్ పుట్టిన తొమ్మిదేళ్లకు గానీ ఆ ప్రకటన అక్కడ నిజమయ్యే వీలు కలగలేదు. యంత్రం మారలేదు, మారింది సముద్రం అడుగు. కేబుల్ చేరని దీవిలో నేటికీ ఫైళ్లన్నీ తన కడుపులోనే దాచుకునే కంప్యూటరే మేలు.

తేమ సంగతి ఏ ప్రకటనా ఎత్తదు. మ్యాక్‌బుక్ సాంకేతిక వివరాల్లో మాత్రం ఉంటుంది: గాలిలో తేమ 90 శాతం దాటకూడదు, అదీ నీటి బిందువులుగా పేరుకోకుండా ఉండాలి. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే ఆ దీవుల్లో, ఏసీ గదిలో చల్లబడిన లాప్‌టాప్‌ను ఉప్పుగాలిలోకి తెస్తే జరిగేది సరిగ్గా ఆ పేరుకోవడమే. బయటికి తెచ్చాక సంచీలోనే కాసేపు ఉంచి తీయడం మంచిది.

పోటీలో మూడో రకం ఒకటుంది. దానికి టీవీలో ప్రకటన ఉండదు. అదే అసెంబుల్డ్ సిస్టమ్. బోర్డు ఒకరిది, ర్యామ్ ఒకరిది, క్యాబినెట్ ఇంకొకరిది. మొత్తం పెట్టెకు సొంతదారు లేడు కనుక దాన్ని పొగడటానికి డబ్బు పెట్టేవాడూ లేడు. ఎం వరస మ్యాక్‌లలో మెమొరీ చిప్పుతో కలిసే ఉంటుంది, కొన్నాక పెంచలేం. అసెంబుల్డ్ సిస్టమ్‌లో ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కాలిపోతే ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే తెప్పించుకుంటే చాలు, మిగతా పెట్టె కదలక్కర్లేదు. కరెంటుకు ఎక్కువగా డీజిల్ మీదే ఆధారపడిన దీవుల్లో ఈ సిస్టమ్‌కు యూపీఎస్ తప్పదు, చంకన పెట్టుకుని ఓడ ఎక్కలేం. అయినా దూరపు ఊళ్లో ఇంటిపట్టున ఉండే కంప్యూటర్‌కు నా ఓటు దీనికే. ఇంకో కారణమూ ఉంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. అలాంటి సిస్టమ్‌లలో బోర్డు, ప్రాసెసర్, అవసరమైతే ర్యామ్ మార్చుకుంటే క్యాబినెట్, మానిటర్, డిస్కు అవే పనికొస్తాయి. లేదంటే ఖర్చు లేకుండా లినక్స్ వేసుకోవచ్చు. దానికీ టీవీలో ప్రకటన రాదు.