తామరకు చుట్టమెవరు?

తామరయు కలువయు కొలనులలో బురదయందు వేరూని, గుండ్రని ఆకులతో పెరుగును. ఈ పోలికను చూచి 1753లో స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయస్ రెండింటిని ఒకే ప్రజాతిలో చేర్చెను.

జీవకణములయందు డి.ఎన్.ఎ. అను పదార్థము కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన పెద్ద గ్రంథము వంటిది. తరములు గడచుకొలది అందలి అక్షరములు అచ్చటచ్చట మారుచుండును. రెండు మొక్కల గ్రంథములలో భేదములు తక్కువైనచో, వాని చుట్టరికము దగ్గరిదని సామాన్యముగా గ్రహింపవచ్చును.

ఇట్లు పోల్చి చూడగా, తామరకు కలువకంటె కాశ్మీరమునందలి చినారు మహావృక్షమే దగ్గరి చుట్టమని తేలినది! 1998లో శాస్త్రజ్ఞులు తామరను చినారుతో ఒకే క్రమమున చేర్చిరి. తామరకును కలువకును గల పోలిక నీటి బ్రదుకువలన వచ్చినదే గాని, వంశమువలన వచ్చినది కాదు. రూపమును మాత్రమే చూచి చుట్టరికమును నిర్ణయింపరాదు.