మగ్గము లేని బట్ట

నారచీరలనిన వెంటనే మన విద్యార్థులకు శ్రీరాముని వనవాసము జ్ఞప్తికి వచ్చును. చెట్టుబెరడు బట్ట యెట్లగునని తరగతిలో నొక బాలుడు మమ్ము ప్రశ్నించెను. అందులకు మేము చెప్పిన యుత్తరమునే యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పసిఫిక్ మహాసముద్రమునందలి టాంగా దీవులలో స్త్రీలు నేటికిని నారబట్టను చేయుచున్నారు. దానికి 'ఙాతు' అని పేరు. మల్బరీ జాతి చెట్టు నొకదానిని నిటారుగా పెంచుదురు. కొమ్మ పుట్టినచోట బట్టకు చిల్లుపడును గాన, ప్రక్క చిగుళ్లను గిల్లివేయుదురు. కాండమును నరికి, బెరడు నొలిచి, పైపొరను తీసివేసి, లోపలి తెల్లని నారను నీట నానవేయుదురు. పిమ్మట దానిని దుంగపై నుంచి, గాళ్లుగల కొయ్యసుత్తితో మోదగా, సన్నని పట్టి పలుచనై కొన్నిరెట్లు వెడల్పగును. అట్టి పట్టీలను ఒక పొర నిలువుగాను, ఒక పొర అడ్డముగాను పరచి, దుంపపిండి జిగురుతో నతుకుదురు.

చిత్రణము మరింత వింతయైనది. ఆకులతో జేసిన పలకపై కొబ్బరియీనెలను కుట్టి నమూనా సిద్ధపరచుదురు. దానిని బట్టక్రింద నుంచి పైన గోధుమవన్నె రంగు రుద్దగా, గీతలు పైకి తేలును. కాగితము క్రింద నాణెము నుంచి పెన్సిలుతో రుద్దిన పిల్లల కిది సులభముగా బోధపడును. తరువాత ముదురు రంగుతో గీతలను చేతితో దిద్దుదురు.

న్యూజీలాండులోని వెల్లింగ్టను నగరమున టె పాపా మ్యూజియమునందు 22 మీటర్లకు మించిన ఙాతు ఒకటి గలదు. అది 1953లో రెండవ ఎలిజబెత్తు రాణి పట్టాభిషేక స్మారకముగా చేయబడెను. 1965లో టాంగా రాణి సాలోటె మరణించినప్పుడు, ఆమె శవపేటికక్రింద పరువబడెను. ఉత్సవమునకును దుఃఖమునకును ఒక్క బట్టయే!

హవాయి దీవులలోనో, మిల్లుబట్టలు వచ్చినపిమ్మట ఈ విద్య 19వ శతాబ్దమున క్షీణించి, దాదాపు నశించెను. 1970 తరువాత కొందరు మ్యూజియములలోని పాతబట్టలను, సుత్తులను పరిశీలించి, పలుమార్లు ప్రయత్నించి, దానిని తిరిగి సాధించిరి. వస్తువు నిలిచినందుననే అది సాధ్యమయ్యెను. కాని తల్లి కుమార్తెకు కొలదిదినములలో చూపగలిగిన పనికి వారు ఏండ్లకేండ్లు శ్రమింపవలసి వచ్చెను.

వస్తువును కాపాడుట మ్యూజియము పని. విద్యను కాపాడుట చేతుల పని. విద్యార్థులారా, మీ యింట అవ్వకు మాత్రమే తెలిసిన పని యేదైన నున్నయెడల, ఆమె ప్రక్కన కూర్చుండి యిప్పుడే నేర్చుకొనుడు.