కంటి గూడు ఎముక అందరికీ ఒకేలా విరగదు.. ఎందుకు?

ఆటలో ఒక పిల్లాడి కంటికి మోచెయ్యి తగిలింది అనుకోండి. చూస్తే కన్ను ఎర్రబడలేదు, పెద్దగా వాపు కూడా లేదు. "ఏం కాలేదులే, పడుకో" అంటాం. కానీ వాడు వాంతులు చేసుకుంటున్నాడు, పైకి చూడలేకపోతున్నాడు. ఇది ఎమర్జెన్సీ కావచ్చు. ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

కంటి గూడు అంటే ఏడు ఎముకలు కలిసి కట్టిన చిన్న గది. ముందు అంచు గట్టిగా ఉంటుంది. లోపల కింది గోడ, ముక్కు వైపు గోడ మాత్రం చాలా పలచన. ముక్కు వైపు గోడకి లాటిన్‌లో ఉన్న పేరుకి అర్థమే "కాగితం లాంటి పలక". ముందు నుంచి గట్టి దెబ్బ తగిలితే ఈ గోడలు పక్కనున్న సైనస్‌లోకి విరుగుతాయి. దీన్ని బ్లోఅవుట్ ఫ్రాక్చర్ అంటారు. 1957లో స్మిత్, రీగన్ అనే డాక్టర్లు శవం కంటి మీద బంతి పెట్టి, సుత్తితో కొట్టి ఇది ఎలా జరుగుతుందో చూపించారు.

మరి ఏ గోడ విరుగుతుంది? ఇక్కడే తేడా వస్తుంది. 2011లో లండన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో తెల్లజాతి వాళ్లలో కింది గోడ, నల్లజాతి వాళ్లలో ముక్కు వైపు గోడ ఎక్కువగా విరిగినట్టు తేలింది. కొరియా నుంచి వచ్చిన చాలా రిపోర్టుల్లో కూడా ముక్కు వైపు గోడ కేసులే ఎక్కువ. దీనికి చెప్పే ఒక కారణం ఏంటంటే, ఆ గోడ వెనకాల తేనెపట్టులా చిన్న చిన్న గదులుంటాయి. వాటి అడ్డుగోడలే దానికి ఆసరా. ఆ అడ్డుగోడలు తక్కువగా ఉంటే గోడ తేలిగ్గా విరుగుతుంది. అలాగని జాతిని చూసి ఏ గోడ విరిగిందో చెప్పేయలేం. అందుకే సీటీ స్కాన్ తీస్తారు.

దెబ్బ ఎలా తగిలిందన్నదీ ముఖ్యమే. మన దగ్గర ముఖం ఎముకలు విరగడానికి పెద్ద కారణం రోడ్డు ప్రమాదాలు, ముఖ్యంగా బైకులు. అంత వేగంలో పడితే లోపలి గోడలతో పాటు అంచు, చెంప ఎముక కూడా విరగొచ్చు. సగం హెల్మెట్ ముఖాన్ని కాపాడదు, ఫుల్ ఫేస్ హెల్మెటే కావాలి. పెద్ద వయసు వాళ్లకైతే జారిపడటమే ముఖ్య కారణం.

ఇప్పుడు అసలు విషయం, వయసు. పెద్దవాళ్ల ఎముక ఎండుపుల్లలా ముక్కలవుతుంది. పిల్లల ఎముక పచ్చికొమ్మలా వంగి, చీలి, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. వచ్చేటప్పుడు కంటి కండరం ఎలుకల బోనులో తోకలా ఇరుక్కుంటుంది. బయటికి కన్ను తెల్లగానే కనిపిస్తుంది. అందుకే 1998 నుంచి డాక్టర్లు దీన్ని "వైట్ ఐడ్ బ్లోఅవుట్" అంటున్నారు. కండరం లాగినప్పుడు వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది, వాంతులవుతాయి. చూసేవాళ్లు తలకి దెబ్బ తగిలిందేమో అనుకుంటారు. ఆలస్యమైతే రక్తం అందక కండరం పాడైపోతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేస్తారు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. కంటికి దెబ్బ తగిలాక ఒకటి రెండుగా కనిపించినా, కన్ను పైకో కిందకో తిరగకపోయినా, చెంప మొద్దుబారినా, వాంతులైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్ చూసేదాకా ముక్కు గట్టిగా చీదొద్దు, సైనస్‌లోని గాలి కంటి వెనక్కి చేరుతుంది. చూపు తగ్గుతుంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

మీ ఇంట్లో, మీ గ్రౌండ్‌లో ఆడుకునే పిల్లలున్న వాళ్లందరికీ ఇది షేర్ చేయండి.