ప్రపంచాభివృద్ధిలో విద్యార్థి పాత్ర: దోమల పరిశీలన

ప్రపంచాభివృద్ధి యనగానే పెద్ద ఆనకట్టలు, కర్మాగారములు, దేశాధినేతల సమావేశములు మనకు స్ఫురించును. 2015వ సంవత్సరములో ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశములు అంగీకరించిన 17 లక్ష్యములు కూడ ప్రభుత్వములకు మాత్రమే సంబంధించినవని పలువురు భావింతురు. వానిలో మూడవది ఆరోగ్యమునకు సంబంధించినది. మలేరియావంటి మహమ్మారులను, ఉష్ణమండల దేశములలో నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధులను 2030 నాటికి అంతమొందింపవలెనని అందు కలదు. డెంగ్యూ జ్వరము ఈ రెండవ తరగతికి చెందినది. ఈ వ్యాధిని అరికట్టుటలో ప్రభుత్వోద్యోగులకు కష్టసాధ్యమైన పని యొకటి పాఠశాల విద్యార్థులకు సులభసాధ్యము. అది యెట్లో చూతము.

దోమ జీవితము

డెంగ్యూను వ్యాపింపజేయు దోమలలో ముఖ్యమైనది ఈడిస్ ఈజిప్టై. దీని నల్లని కాళ్లపై తెల్లని చారలుండును. ఇది ఎక్కువగా పగటివేళ కుట్టును. మురుగు కాలువలకంటె మన యిండ్లలో నిలువయుండు నీటినే యిది కోరును. మూతలేని గోళెములు, పూలకుండీల క్రింది పళ్లెములు, కూలర్లు, పాత టైర్లు, పారవేసిన కొబ్బరిచిప్పలు దీనికి నివాసములు.

ఆడదోమ గుడ్లను నీటిమట్టమునకు కొంచెము పైగా, పాత్ర లోపలి గోడకు అంటించును. నీరు ఎండిపోయినను ఆ గుడ్లు చావవు; కొన్ని నెలలవరకు అట్లేయుండి, మరల నీరు తగులగనే పొదుగబడును. వెలువడిన డింభకములు (లార్వాలు) నాలుగు దశలు గడచి, ప్యూపాలుగా మారి, తుదకు రెక్కలుగల దోమలగును. వెచ్చని వాతావరణములో ఇదంతయు సుమారు 7 నుండి 10 దినములలో ముగియును.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. పాత్రను వారమునకొకసారి ఖాళీచేసినచో దోమ పుట్టకమునుపే దాని జీవితచక్రము తెగిపోవును. కాని నీరు పారబోసినంత మాత్రమున చాలదు. గోడలకంటిన గుడ్లు పోవుటకు లోపలివైపున గట్టిగా తోమవలెను.

ఈ దోమ సాధారణముగా కొన్ని వందల మీటర్లకు మించి యెగురదు. కనుక ఒక వీధిలోని జ్వరమునకు కారణము తరచుగా ఆ వీధిలోనే యుండును. ప్రతి యింటి పెరటిని వారము వారము చూచుటకు ఏ శాఖలోను చాలినంతమంది ఉద్యోగులు లేరు. విద్యార్థులో, దాదాపు ప్రతి వీధిలోను ఉన్నారు.

దేశదేశముల విద్యార్థులు

విద్యార్థుల పరిశీలనలకు అంతర్జాతీయముగా ఒక వేదిక కలదు. 1994లో అమెరికాలో ప్రకటింపబడి, 1995లో ఆరంభమైన 'గ్లోబ్' కార్యక్రమములో నేడు 120కి పైగా దేశములు పాల్గొనుచున్నవి. భారతదేశము వానిలో ఒకటి. విద్యార్థులు ఒకే పద్ధతిలో ఉష్ణోగ్రతను, వర్షపాతమును, మేఘములను, నీటి గుణమును కొలిచి నమోదు చేయుదురు. తరువాతి కాలమున దోమల నివాసముల పరిశీలన కూడ ఇందు చేర్చబడినది. పరిశీలకులు నీటి పాత్రను గుర్తించి, డింభకములను లెక్కించి, ఫోటో తీసి, సెల్ ఫోను ద్వారా పంపి, పిదప ఆ నీటిని పారబోయుదురు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములు వానను, వేడిమిని, పచ్చదనమును కొలువగలవు; గోళెములోని పురుగును చూడజాలవు. ఈ రెండు విధములైన సమాచారములను జోడించినపుడే దోమలు ఎక్కడ, ఎప్పుడు పెరుగునో శాస్త్రజ్ఞులు అంచనా వేయగలరు.

మీ పాఠశాలలో

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక తెల్లని గిన్నె, భూతద్దము, నోటుపుస్తకము చాలును. పాఠశాల చుట్టుగల వీధుల పటము గీసి, వారమునకొక దినము నిర్ణయించుకొని, ఇంటివారి అనుమతితో చూడవలెను. నీరున్న పాత్రలెన్ని, వానిలో డింభకములున్నవెన్ని యని వ్రాసికొనవలెను. నీరున్న 40 పాత్రలలో 6 పాత్రలయందు డింభకములు కనబడినచో పాత్రల సూచిక నూటికి 15. వారము వారము ఈ సంఖ్య తగ్గుచున్నదో, పెరుగుచున్నదో రేఖాచిత్రము గీయవలెను. డింభకములు కనబడని పాత్రను కూడ తప్పక వ్రాయవలెను. దానిని విడిచినచో సూచిక తప్పగును.

డింభకములను గుర్తించుట కష్టము కాదు. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ డింభకము నీటి ఉపరితలమునకు సమాంతరముగా పడుకొనియుండును. క్యూలెక్స్, ఈడిస్ డింభకములు శ్వాసనాళికను పైకుంచి తలక్రిందుగా వ్రేలాడును. క్యూలెక్స్ నాళిక పొడవుగాను, ఈడిస్ నాళిక పొట్టిగాను ఉండును. డింభకములు కుట్టవు. కాని లోతైన తొట్లవద్దకు, బావులవద్దకు పిల్లలు ఒంటరిగా పోరాదు, ఉపాధ్యాయులు వెంటనుండవలెను.

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఒక సూక్ష్మదర్శిని, ఓర్పుతో చేసిన పరిశీలన ఆయన సాధనములు. ఆ పరిశీలన వలన ప్రపంచమంతటను మలేరియా నివారణకు దారి యేర్పడినది. మన పెరటి గోళెమును గూర్చి నిజాయితీగా వ్రాసిన లెక్క కూడ ప్రపంచమునకు ఉపయోగించునదే. ఉపాధ్యాయులు ఈ వానకాలములోనే తమ తరగతులచేత దీనిని ఆరంభింపజేయుదురుగాక!