కొత్త కోడలి మీద నింద

కదలని బండితో పోయేది కాలం మాత్రమే. ఆగని బండితో ప్రాణానికే ముప్పు.

అమెరికాలో 1967-72 నాటి షెవ్రొలే పికప్పు ట్రక్కులను బాగుచేయించుకుని ముచ్చటగా తిరిగేవారు నేటికీ ఎందరో ఉన్నారు. 1971లో వాటి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చాయిగాని వెనుక డ్రమ్ములే ఉండిపోయాయి. ఆ లోటు మాత్రం ఎందుకని కొందరు డ్రమ్ములు ఊడదీసి డిస్కులు బిగిస్తారు. తీరా రోడ్డెక్కేసరికి పెడలు నేలదాకా దిగిపోతుంది. లేదా చక్రం సెగలు కక్కుతుంది. అందరూ డిస్కునే తిడతారు. కొత్త కోడలు వచ్చిననాడే పాలు విరిగితే నింద ఆమెదే గదా! నిజానికి తప్పు చాలాసార్లు పాత సంసారానిదే.

ముందుగా పెడలు సంగతి. కాలిపర్‌కు గాలి తీసే నిపుల్ ఉంటుంది. గాలి పైకే పోతుంది కనుక అది పైవైపునే ఉండాలి. ఎడమ కాలిపర్ కుడికీ, కుడిది ఎడమకూ బిగించారో, నిపుల్ కిందికి వస్తుంది. ఇక తెల్లవార్లూ పెడలు తొక్కినా గాలి లోపలే! హాండుబ్రేకు ఇమిడి ఉన్న కొన్నిరకాల కాలిపర్లలోనైతే దాని లీవరును పదేపదే లాగి వదిలితేగాని పిస్టన్ డిస్కు దగ్గరికి జరగదు. అదీ కాకపోతే మాస్టరు సిలిండరు చాలడం లేదేమో చూడాలి. డ్రమ్ముకంటె కాలిపర్‌కు ఆయిలు ఎక్కువ కావాలి.

ఇక వేడి. డ్రమ్ము బ్రేకుల గొట్టంలో చదరపు అంగుళానికి సుమారు 10 పౌన్ల వత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు చాలా పాత బళ్లలో ఉంటుంది. షూలను వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కనుక అక్కడ అది చెరుపు చేయదు. డిస్కుకు ఆ స్ప్రింగులు లేవు. ఆ కాస్త వత్తిడికే ప్యాడ్లు రాసుకుంటూ ఉంటాయి. పరీక్ష సులువు. బండిని జాకీతో ఎత్తి, స్టాండు ఆనించి, చక్రం బిగిసి ఉంటే నిపుల్ వదులు చేయండి. వెంటనే తిరిగిందా, గొట్టంలో వత్తిడి నిలిచిపోతున్నదన్నమాట. తిరగలేదా, తప్పు కాలిపర్‌దో, హాండుబ్రేకు కేబులుదో.

అసలు గండం తరువాతిది. ఖాళీ పికప్పుకు వెనుక బరువు తక్కువ. బ్రేకు వేస్తే ఉన్న బరువూ ముందుకే ఒరుగుతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగిసిపోతే బండి గిర్రున తిరిగిపోతుంది. అందుకే వెనుక వత్తిడి తగ్గించే వాల్వు అమర్చి, జనం లేని మైదానంలో నెమ్మదిగా నడిపి చూసి, ముందు చక్రాలే మొదట బిగిసేలా సర్దుకోవాలి.

సంసారంలో సర్దుబాటు ఆలస్యమైతే సాయంత్రానికి రాజీపడవచ్చు. బ్రేకుల విషయంలో ఆ సాయంత్రం దొరక్కపోవచ్చు.