పాత సి.సి. కెమెరాలకు తక్కువ వ్యయంతో కొత్త సామర్థ్యం
సత్యవేడు వంటి సరిహద్దు పట్టణాలకు ఉపకరించే పద్ధతులు

పూర్వపు చిత్తూరు జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన సత్యవేడు తమిళనాడు సరిహద్దు ప్రాంతంలో ఉన్నది. శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతం సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో విస్తరించి ఉన్నందున కార్మికుల, సరుకు వాహనాల రాకపోకలు అధికం. ఇటువంటి చోట నేరం చేసినవారు కొద్ది సమయంలోనే రాష్ట్రం దాటిపోగలరు. అప్పుడు దుకాణం ముందు నమోదైన వాహన సంఖ్య, సమయం రెండు రాష్ట్రాల పోలీసులకూ ముఖ్య ఆధారమవుతాయి.

జన సమ్మర్దం గల సంస్థలు సి.సి. కెమెరాలు అమర్చుకొని, దృశ్యాలను 30 రోజులపాటు భద్రపరచాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రజా భద్రత చర్యల అమలు చట్టం నిర్దేశించింది. అయితే పాత పరికరాలలో డిస్కు చాలక దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోవడం, ముఖాలు స్పష్టంగా కనిపించకపోవడం సాధారణ లోపాలు. వీటిని సరిదిద్దుటకు మొత్తం వ్యవస్థను మార్చనవసరం లేదు.

ఖర్చు లేని సవరణలు

మొదట రికార్డరు గడియారాన్ని భారత ప్రామాణిక సమయంతో సరిచూడాలి. పది నిమిషాల తేడా ఉన్నా ఒక కెమెరాలో కనిపించిన వాహనాన్ని మరొక కెమెరా దృశ్యంతో పోల్చడం కష్టమవుతుంది. కెమెరా అద్దంపై దుమ్ము, సాలెగూళ్లు తొలగించాలి. రాత్రివేళ పరారుణ కాంతి వాటిపై పడి దృశ్యం తెల్లబారుతుంది. పాత రికార్డర్లు అనేకం డిస్కు ఆదా కోసం 352×288 బిందువుల స్థాయిలో నమోదు చేసేలా అమర్చి ఉంటాయి. పరికరం అనుమతించినచో దానిని 720×576కు పెంచుకోవచ్చు.

పాత కెమెరా ఎక్కడ, కొత్త కెమెరా ఎక్కడ

అపరిచిత వ్యక్తిని గుర్తించుటకు దృశ్యంలో మీటరు వెడల్పునకు 250 బిందువులు ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 62676-4 సూచించింది. ఈ లెక్కన 720 బిందువుల వెడల్పు గల పాత కెమెరా సుమారు 2.9 మీటర్ల మేరకే ముఖాన్ని గుర్తింపజేయగలదు. 1920 బిందువుల కొత్త 2 మెగాపిక్సెల్ కెమెరా సుమారు 7.7 మీటర్ల మేరకు పనిచేస్తుంది.

కనుక పాత కెమెరాలను పారవేయక ద్వారం, నగదు బల్ల వంటి ఇరుకు చోట్లకు మళ్లించి, వీధి, ఆవరణ వంటి వెడల్పు చోట్లకు మాత్రమే కొత్తవి కొనుట పొదుపు మార్గం. పాత అనలాగ్, కొత్త హెచ్.డి. కెమెరాలను రెండింటినీ స్వీకరించే హైబ్రిడ్ డి.వి.ఆర్. తీసుకున్నచో గోడలలో ఉన్న కోయాక్సియల్ కేబుల్ చెడిపోనంతవరకు దానినే వాడుకోవచ్చు. కొత్త వైరింగు ఖర్చు, పగులగొట్టే పని రెండూ తప్పుతాయి. రాత్రి దీపాలు వెలిగే కెమెరాలు ఎక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి 12 వోల్టుల పవర్ సప్లై సామర్థ్యాన్ని ముందుగా సరిచూడాలి.

ముప్పై రోజుల లెక్క

సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో నమోదు చేసే ఒక కెమెరాకు రోజుకు 21.6 గిగాబైట్లు అవసరం. అటువంటి 8 కెమెరాలకు 1 టెరాబైట్ డిస్కు ఆరు రోజులకైనా చాలదు. 30 రోజులకు సుమారు 5.2 టెరాబైట్లు కావాలి. హెచ్.265 పద్ధతిలో వేగాన్ని సగానికి తగ్గించగలిగితే అవసరం 2.6 టెరాబైట్లకు దిగి, ఒక 4 టెరాబైట్ల డిస్కు సరిపోతుంది. డిస్కు కొనేముందు రికార్డరు ఎంత సామర్థ్యం గల డిస్కును స్వీకరిస్తుందో తెలుసుకోవాలి. పాత రికార్డర్లలో పెక్కింటికి 2 టెరాబైట్ల పరిమితి ఉన్నది.

రహస్య పదం, సాక్ష్యం

కర్మాగారం నుంచి వచ్చిన పాస్‌వర్డును మార్చకుండా వదిలిన డి.వి.ఆర్.లు, కెమెరాలను 2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్ వశపరచుకొని ఇంటర్నెట్ సేవలపై దాడికి వాడుకున్నది. అందువల్ల పాస్‌వర్డు మార్చడం, అవసరం లేనిచో రికార్డరును ఇంటర్నెట్‌కు కలపకపోవడం శ్రేయస్కరం.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని సాక్ష్యంగా సమర్పించునప్పుడు దానితో నిర్ణీత ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. తెరపై ఆడుతున్న దృశ్యాన్ని సెల్‌ఫోనుతో చిత్రీకరించి ఇచ్చుటకంటె రికార్డరు నుంచి నేరుగా ప్రతి తీసి, తీసిన తేదీ, సమయం, తీసినవారి పేరు రాసి ఉంచుట దర్యాప్తునకు తోడ్పడుతుంది. ఘటన జరిగిన వెంటనే ప్రతి తీయనిచో కొత్త దృశ్యాలు పాతవాటిని చెరిపివేస్తాయి.

పోలీసు ఠాణాలలోని కెమెరాల దృశ్యాలను 18 నెలలు, పరికరాలు అందుబాటులో లేనిచో కనీసం ఒక సంవత్సరం భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. దీనినిబట్టి దృశ్యం స్పష్టత ఎంత ముఖ్యమో, అది నిలిచి ఉండే కాలమూ అంతే ముఖ్యమని విదితమవుతున్నది.

నిధులు పరిమితంగా ఉన్న దుకాణదారులు, వసతిగృహాలు, పంచాయతీలు మొదట గడియారం, శుభ్రత, పాస్‌వర్డు, తరువాత డిస్కు, రికార్డరు, చివరగా కెమెరాలు అనే క్రమాన్ని పాటించినచో ప్రతి దశలోనూ వెచ్చించిన సొమ్ముకు తగిన ప్రయోజనం చేకూరుతుంది.