జాముజాముకూ కీర్తనలు

రోజులో నియమిత వేళలకు పని ఆపి ప్రార్థన చేయడం క్రైస్తవంలో మఠాలు పుట్టకముందే ఉంది. దాని వేళ్లు యూదుల ఆచారంలో ఉన్నాయి. బబులోను చెరలో ఉన్న దానియేలు దినానికి మూడుసార్లు యెరూషలేము వైపు తిరిగి మోకరించేవాడని బైబిలు చెబుతుంది. యేసు శిష్యులూ ఆ అలవాటు వదల్లేదు. పేతురు, యోహాను మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థన వేళకు దేవాలయానికి వెళ్లారు. యొప్పేలో పేతురు మిట్టమధ్యాహ్నం ప్రార్థన కోసమే మిద్దె ఎక్కాడు. తొలినాటి సంఘాల కోసం రాసిన 'డిడాఖే' అనే చిన్న పుస్తకం ప్రభువు నేర్పిన ప్రార్థనను రోజుకు మూడుమార్లు చేయమంటుంది.

రోమన్ల కాలంలో సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని పన్నెండు గంటలుగా పంచేవారు. పగలు పొడవైన వేసవిలో గంట సాగేది, చలికాలంలో తగ్గేది. మూడో గంట అంటే మన లెక్కలో ఉదయం తొమ్మిది, ఆరోది మధ్యాహ్నం పన్నెండు, తొమ్మిదోది మూడు. కార్తేజీకి చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ 200 ప్రాంతంలో ఈ మూడు వేళలనూ పాటించమని రాశాడు. మార్కు సువార్త ప్రకారం యేసును సిలువ వేసింది మూడో గంటకు, చీకటి కమ్మింది ఆరో గంటకు, ఆయన ప్రాణం విడిచింది తొమ్మిదో గంటకు. అందుకే విశ్వాసికి ఆ వేళలు ఉత్త గడియారపు అంకెలు కావు, ఆ శ్రమలను తలచుకునే ఘడియలు.

పడమటి దేశాల్లో ఈ ఆచారానికి నిలకడైన రూపం ఇచ్చింది ఇటలీలోని మాంటె కసీనో మఠాన్ని స్థాపించిన బెనెడిక్టు. ఆరో శతాబ్దంలో ఆయన రాసిన నియమావళిలో పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన ఉంది. ఈ లెక్కకు ఆధారం 119వ కీర్తనే. 150 కీర్తనలూ వారంలో పూర్తికావాలి. పిలుపు వినగానే చేతిలో పని అక్కడే వదిలి రావాలి. దూరాన పనిచేస్తున్నవారు ఉన్నచోటే మోకరించాలి. ఈ ప్రార్థనను ఆయన 'దేవుని పని' అన్నాడు, దానికి మించింది ఏదీ ఉండకూడదన్నాడు.

ఈ పద్ధతికి ప్రాణం కీర్తనలే. వాటిలో స్తుతి ఉంది, ఏడుపు ఉంది, శత్రువుపై కోపమూ ఉంది. ఏ వేళకు ఏ కీర్తన వస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి, సంతోషంగా ఉన్న మనిషి కూడా ఎవరిదో దుఃఖాన్ని తన నోట పలకాల్సి వస్తుంది. సొంత అవసరాలు చెప్పుకోవడానికే పరిమితం కాకుండా ప్రార్థనను కాపాడేది ఇదే. ఈ ఆచారంలో అన్నిటికంటే విలువైన గుణం కూడా ఇదే.

తూర్పు సంఘాలు తమ దారిలో దీన్ని నిలుపుకున్నాయి. ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవులకు 'అగ్పేయా' అనే ప్రార్థన పుస్తకం ఉంది. కేరళలోని మలంకర ఆర్థొడాక్స్ క్రైస్తవులు 'షెహీమో' అనే ప్రార్థన పుస్తకం చూసి, తూర్పుముఖంగా నిలబడి, ఏడు వేళల ప్రార్థనలు చేస్తారు.

పొలం పనో కొలువో చేసుకునేవారికి రోజుకు ఎనిమిదిసార్లంటే కష్టం. ఇంగ్లండులో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ 1549 నాటి ప్రార్థన పుస్తకంలో వాటిని ఉదయం, సాయంత్రం అని రెండుకు కుదించాడు. లాటిన్ బదులు జనం మాట్లాడే భాష పెట్టి, కీర్తనలను నెలకు పంచాడు. కోల్పోయింది కొంత ఉన్నా, మఠం గోడల మధ్య ఉన్నదాన్ని ఊరి గుడికి తెచ్చిన మార్పు అది. తెలుగు నేలపై 1912లో ఏర్పడిన ఆంగ్లికన్ దోర్నకల్ అధ్యక్ష మండలం ఆ సంప్రదాయానికి చెందినదే. 1947లో అది దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది.

కథోలికుల్లో 1963 నాటి రెండో వాటికన్ మహాసభ నిర్ణయంతో ఎనిమిది వేళల్లో ఒకటి రద్దయింది. ఆ తర్వాత వచ్చిన కొత్త పుస్తకంలో కీర్తనలను నాలుగు వారాలకు సర్దారు. గురువులకు ఇది విధి. గృహస్థులకు విధి కాకపోయినా, కనీసం ఉదయ, సాయంకాల ప్రార్థనల్లో చేరమని తిరుసభ కోరుతుంది. అంత తీరిక లేనివారికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గుడి గంట మోగినప్పుడు చెప్పే చిన్న త్రికాల జపం ఎప్పటినుంచో ఉంది.